మసక అంచు గిన్నె

నేను నలభై మూడేళ్ళు గాజుకు సానపట్టాను. ఈ మాట ముందే చెప్పడం ఎందుకంటే, చెప్పబోయే పని చేసినవాడు పని రానివాడని మీరు అనుకోకూడదు. వచ్చినవాడే చేశాడు. వచ్చుననే పొగరుతోనే చేశాడు.

మ్యూనిక్‌కు రైలు దూరంలో ఉన్న మా ఆషన్‌హుట్‌లో సగం ఊరు గాజు ఊదుతుంది. మిగతా సగం ఆ ఊదినదాన్ని కోస్తుంది, అరగదీస్తుంది, రంగులు వేస్తుంది. ఆదివారం పూట బీరు ముందు కూర్చుని పక్కవాడి పనికి వంకలు పెట్టడం మాత్రం ఊరంతా కలిసి చేస్తుంది. ఈ చివరి పనిలో మావాళ్ళు ఎవరికీ తీసిపోరు, నేను మొదటి వరసలో ఉంటాను.

ఆఫ్రా మా చర్చిలో ఆర్గన్ వాయిస్తుంది. నాకన్నా నాలుగేళ్ళు చిన్న, మా వీధే. పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో సగం మంది పిల్లలకు పియానో నేర్పింది, వాళ్ళలో ఒక్కరికీ రాలేదు. ఆరేళ్ళ కిందట పాత ఫ్యాక్టరీ యజమాని ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద మేకులు కొట్టిన పెట్టె ఒకటి దొరికింది. దాని మీద ఆఫ్రా మేనత్త ఒటీలియా పేరుంది. కబురు వెళ్ళగానే ఆఫ్రా మేకులు పీకే పటకారా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఆ రోజు పెట్టె మోసినవాళ్ళలో నేనొకణ్ణి.

మూత తీస్తే చూడ్డానికి కుట్టుమిషన్‌లా ఉంది. కింద కాలితో తొక్కే పలక, పక్కన చక్రం. పైన అడ్డంగా ఒక ఇనుప కడ్డీ, దానికి ఒకదానిలో ఒకటి దూర్చిన గాజు గిన్నెలు. పెద్దది ఎడమ చివర, కుడికి పోయేకొద్దీ చిన్నవి, మొత్తం ముప్పై ఏడు. కాలితో తొక్కితే అన్నీ కలిసి తిరుగుతాయి. తడి వేలు అంచుకు ఆనిస్తే గిన్నె పాడుతుంది. దాన్ని గాజు హార్మోనికా అంటారు. ఆ పాట గదిలో ఏ మూల నుంచి వస్తోందో చప్పున తెలియదు, మనిషి తల తిప్పి వెతుక్కుంటాడు.

మా పెద్దవాళ్ళు దాన్ని 'పిచ్చి పెట్టె' అనేవాళ్ళు. ఒటీలియా మొగుడు రష్యా యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ చలికాలమే ఆరేళ్ళ కూతురు గొంతు జబ్బుతో పోయింది. తర్వాత ఆవిడ ఎవరితోనూ మాట్లాడలేదు, రోజంతా ఆ పెట్టె ముందే కూర్చునేది. ఊరు దాన్ని తిరగేసి చెప్పుకుంది. పెట్టె ముందు కూర్చోబట్టే మతి పోయిందని, ఆ మోత నరాల్లోకి ఎక్కుతుందని. ఆవిడ పోయాక పెట్టెను ఎవరూ ఉంచుకోలేదు, మేకులు కొట్టి ఆ యజమాని అటక మీదికి ఎక్కించారు.

బీరు హాల్లో ఎవడో ఈ కథ మళ్ళీ ఎత్తితే ఆఫ్రా గ్లాసు కింద పెట్టి అడిగింది.

"మొగుడు పోయి, బిడ్డ పోయిన మనిషికి మతి పోవడానికి గాజు కూడా కావాలా?"

ఆ తర్వాత ఆ హాల్లో ఆ కథ వినబడలేదు. ఆమె లేనప్పుడు వినబడిందేమో, అది వేరే సంగతి.

ఆ వాద్యం నేర్చుకోవడానికి ఆరేళ్ళు పట్టింది ఆమెకు. నెలకోసారి రైలెక్కి మ్యూనిక్ వెళ్ళేది. అక్కడ ఈ వాద్యం తెలిసిన ముసలాయన ఒకడున్నాడు. మొదటి ఏడాది మా వీధిలో కుక్కలు మొరిగాయి. రెండో ఏడాది కుక్కలు ఊరుకున్నాయి. నాలుగో ఏడాది మా ఆవిడ వాల్లి వంటగది కిటికీ తెరిచిపెట్టుకుని బంగాళాదుంపలు ఒలవడం మొదలుపెట్టింది. పెట్టె అడుగున ఒటీలియా చేత్తో రాసుకున్న పాట ఒకటి దొరికింది. కూతుర్ని నిద్రపుచ్చడానికి కట్టిన పాట. దాన్ని చర్చి పండగనాడు ఊరి ముందు వాయించాలని ఆఫ్రా పట్టుదల. 'ఆవిడ పిచ్చిది కాదని నేను నోటితో చెప్తే వినరు, చెవులతో వింటారు' అనేది.

పోయిన ఏడాది జూన్‌లో కడ్డీ తీసి శుభ్రం చేస్తుంటే ఒక గిన్నె జారి పగిలింది. ఫిస్ అనే స్వరం పలికే గిన్నె. ఆ పాటలో మూడు అడుగులకోసారి ఫిస్ వస్తుంది, అది లేకుండా పాటే లేదు. ఆఫ్రా ముక్కల్ని రుమాల్లో మూటగట్టి నా దగ్గరకు తెచ్చింది.

మా ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉంది. విరామం ఇరవై నిమిషాలూ కొలిమి మనది. ఎవడికి కావలసింది వాడు ఊదుకుంటాడు, నస్యం బుడ్డో, కూతురి పెళ్ళికి గ్లాసులో. పైవాళ్ళు అటు తిరిగి నిలబడతారు. కోర్బినియన్ నాతోపాటు పనిలో చేరినవాడు, ఇంకా ఊదుతూనే ఉన్నాడు. వాడు పద్నాలుగు విరామాల్లో పద్నాలుగు గిన్నెలు ఊదాడు. పన్నెండు పనికిరాలేదు. పదమూడోది సాన మీద పగిలింది. పద్నాలుగోది నిలబడింది.

ఆ మధ్యలోనే ఆఫ్రాకు క్యాన్సరని తేలింది. సెప్టెంబరు చివర మొదటి కీమో ఎక్కించారు. ఆ సాయంత్రం తలుపు కొట్టి, లోపలికి కూడా రాకుండా గుమ్మంలోనే చెప్పింది.

"మందు వేళ్ళ చివర్లకి స్పర్శ లేకుండా చేస్తుందట. రెండో దాంతోనో మూడో దాంతోనో మొదలవుతుందన్నాడు డాక్టర్. కొందరికి మొదటిదానికే అట. ఒకసారి పోతే తిరిగొస్తుందని చెప్పలేనన్నాడు."

"రెండోది ఎప్పుడు?" అన్నాను.

"చర్చి పండగ మర్నాడు, సోమవారం. అడిగి ఆ రోజు పెట్టించుకున్నా. నాకున్నది ఆ ఒక్క ఆదివారమే వెండెలిన్. గిన్నె అందిస్తావా?"

"అందించకపోతే నా పేరు మార్చుకుంటా," అన్నాను. పెద్ద మాటలు నాకు తేలిగ్గా వస్తాయి.

పండగకు ముందు గురువారం గిన్నె స్వరానికి వచ్చింది. గాజు అంచు అరగదీస్తే స్వరం పైకి పోతుంది, అడుగు పల్చన చేస్తే కిందికి దిగుతుంది. రెండింటి మధ్య వెంట్రుకంత చోటు, అక్కడ ఆపాలి. ఆఫ్రా నా షెడ్డులోనే కూర్చుని స్వరం సరిచూసుకునే పిచ్‌పైపు ఊదుతోంది, నేను అంచును తడి రాయి మీద తాకించి తీస్తున్నాను. సాయంత్రం నాలుగింటికి ఆమె వేలు తడుపుకుని అంచు చుట్టూ తిప్పింది. గిన్నె పలికింది. సరిగ్గా, గట్టిగా, ఏ బెంగా లేకుండా పలికింది. ఆఫ్రా అలాగే తిప్పుతూ ఉంది. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, పట్టించుకోలేదు.

"ఇక దీన్ని ముట్టుకోకు," అంది. "ఇలాగే ఇచ్చెయ్."

"అడుగున బెండు బిగించాలి కదా, లేకపోతే కడ్డీ మీద నిలబడదు. రేపు మధ్యాహ్నం నేనే తెచ్చి ఎక్కిస్తా."

"బెండు తప్ప ఇంకేం చెయ్యవుగా?"

"ఏం చేస్తాను, దానిలో సూప్ వండుకుంటానా?"

నవ్వుకుంటూ వెళ్ళింది.

శుక్రవారం పొద్దున బెండు బిగించడం అరగంటలో అయిపోయింది. గిన్నెను కిటికీ దగ్గర పెట్టి చూశాను. ఎండ పడింది. గాజంతా నీళ్ళలా ఉంది, అంచు మాత్రం తెల్లగా, మసకగా, సాన రాయి వదిలినట్టే ఉంది. మసక అంచుతో గాజు నా షెడ్డు గడప ఎప్పుడూ దాటలేదు. మా మేస్త్రీ ఒకసారి మసక అంచు గ్లాసును నా కళ్ళ ముందే గోడకేసి కొట్టాడు, అప్పుడు నాకు పదిహేనేళ్ళు. సాన పట్టి మెరుగు పెట్టకపోవడం మాలో వంట చేసి వడ్డించకపోవడం లాంటిది. పైగా ఆదివారం ఊళ్ళోని గాజు పనివాళ్ళంతా చర్చిలో ఉంటారు. పాట అయ్యాక పెట్టె చుట్టూ మూగుతారు. ముప్పై ఆరు పాత గిన్నెలూ ఒక ఎత్తు, కొత్తది ఒక ఎత్తు అంటారు. కోర్బినియన్ వేలితో అంచు తడిమి చూస్తాడు, చూసి ఏమంటాడో నాకు తెలుసు.

బెండు చక్రం ఎక్కించి, గులాబీ రంగు మెరుగు పొడి కలిపి, పది నిమిషాలు పట్టాను. అంతే. అంచు గుండ్రంగా, తళతళలాడుతూ వచ్చింది. నాకు చాలా సంతోషమైంది. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మధ్యాహ్నం తీసుకెళ్ళి కడ్డీకి ఎక్కించాను. ఆఫ్రా తలకు నీలం రుమాలు కట్టుకుని ఉంది. అప్పటికే జుట్టు రాలడం మొదలైంది. నీళ్ళ గిన్నెలో వేళ్ళు ముంచి, కాలితో తొక్కుతూ పాట ఎత్తుకుంది. మొదటి రెండు అడుగులు బాగానే వచ్చాయి. ఫిస్ దగ్గర వేలు జర్రున జారింది. కీచుమని ఒక చిన్న చప్పుడు, అంతే.

మళ్ళీ వాయించింది. మళ్ళీ జారింది.

వేళ్ళు స్పిరిట్‌తో తుడుచుకుంది. గిన్నె అంచూ తుడిచింది. సుద్దపొడి రాసుకుని చూసింది. అది గుసగుసలాడి ఊరుకుంది. నాకు అప్పటికే అర్థమైపోయింది. అద్దంలా నునుపైన అంచును వేలు పట్టుకోలేదు, పట్టుకుంటేనే కదా గాజు ఊగేది. ఒటీలియా గిన్నెల అంచులన్నీ మసకవే. ఆరేళ్ళుగా వాటిని చూస్తున్నాను, అవి పాతబడి మసకేశాయని అనుకున్నాను. కావాలనే అలా వదిలారని ఆ క్షణం దాకా తట్టలేదు.

ఆఫ్రా నా వైపు తిరిగింది.

"నిన్న పలికింది కదా. నువ్వేమైనా చేశావా దీన్ని?"

చేశానని రెండు ముక్కలు చెప్పాలి. నోటి దాకా వచ్చింది కూడా. నలభై మూడేళ్ళ సానవాడు, కుర్ర పనివాడు కూడా చెయ్యని తప్పు చేశాడని ఊరంతా తెలుస్తుందని తోచింది. రాత్రికి చాటుగా సరిచేసి పొద్దున ఎక్కించేద్దాంలే అనుకున్నాను.

"ఏం చెయ్యలేదు," అన్నాను. "బెండు బిగించానంతే."

ఆఫ్రా మళ్ళీ తొక్కింది. ఈసారి ఫిస్ పక్కనున్న గిన్నెలూ కీచుమన్నాయి. భయపడ్డ వేలు తెలియకుండానే ఒత్తుతుంది, పై స్వరాల చిన్న గిన్నెలు ఒత్తితే పలకవు. ఇంకో గిన్నె, ఇంకో గిన్నె. ఆమె ఆపేసింది. రెండు చేతులూ కిటికీ వెలుతురులో పెట్టుకుని వేలి చివర్లను బొటనవేలితో నొక్కి చూసుకుంది.

"మొదలైంది," అంది మెల్లగా. "మొదటిదానికే అట కొందరికి."

"కంగారు పడకు, రేపు పొద్దున..."

"వెండెలిన్, ఇంటికెళ్ళు."

"ఆ గిన్నె నాకివ్వు, ఒకసారి చూసి..."

"గాజు నిన్న పాడింది. నువ్వేం చెయ్యలేదు. ఇంకా చూసేదేముంది? వెళ్ళు."

పెట్టె మూత వేసి తాళం పెట్టింది. నేను బయటికొచ్చాను. తలుపు నా వెనకే పడింది. చాటుగా సరిచేసే దారి కూడా ఆ తాళంతో పోయింది.

శనివారం పొద్దున వాల్లి రొట్టెలు తెచ్చి బల్ల మీద పడేసింది. మామూలుగా పెట్టదు, పడేస్తుంది, కానీ ఆ రోజు మరీ గట్టిగా పడేసింది.

"ఆఫ్రా రేపు వాయించడం లేదట. ఫాదర్‌కి ఫోన్ చేసి చెప్పిందట. వేళ్ళు పోయాయట. రొట్టెల కొట్టంతా ఇదే గోల. ఆ ముసల్ది హెడ్విగ్ ఏమంటుందో తెలుసా? ఆ పెట్టె ఒటీలియాని తిన్నది, ఇప్పుడు దీన్ని తింటోందట."

నేను రొట్టె కోసుకుంటున్నాను. వాల్లి ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో సరుకు తనిఖీ చేసింది. గీత పడ్డ గ్లాసును ఆ మనిషి అల్లంత దూరం నుంచి పట్టేస్తుంది. నా చేతి వైపు చూస్తోంది.

"ఏవయ్యా, నీ గోళ్ళలో ఆ గులాబీ రంగేంటి?"

"ఏముంది, పొడి."

"మెరుగు పొడి. నీకు ఇప్పుడు ఏం పనుందని మెరుగు పెట్టావు?"

నేను ఇంకో ముక్క కోశాను.

"ఆ గిన్నెకేనా?"

కత్తి కింద పెట్టాను. వాల్లి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"తన వేళ్ళు చచ్చిపోయాయని ఆమె నిన్న మధ్యాహ్నం నుంచి ఏడుస్తోంది," అంది. "సోమవారం నుంచి ఎలాగూ ఏడవాలి. ఈ రెండు రోజులు కూడా నువ్వు లాక్కున్నావు."

కోటు వేసుకున్నాను. గరుకు కాగితం, సన్న ఇసుక, గుడ్డముక్క జేబులో పెట్టుకున్నాను. వీధి దాటడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల్లో మూడు అబద్ధాలు తయారుచేసుకున్నాను. వాతావరణం, బెండు, గాజులో లోపం. మూడోది కోర్బినియన్ మీదకు పోతుంది కాబట్టి అదే బాగుందనుకున్నాను కూడా. దేవుడు నన్ను క్షమించాలి.

ఆఫ్రా తలుపు తీసింది. రుమాలు కట్టుకోలేదు. ఆ తలను నేనెప్పుడూ అలా చూడలేదు. మూడు అబద్ధాలూ అక్కడే వదిలేశాను.

"నీ వేళ్ళకేం కాలేదు," అన్నాను. "నేను అంచుకి మెరుగు పెట్టాను. శుక్రవారం పొద్దున. అందుకే జారుతోంది. అడిగితే అబద్ధం చెప్పాను."

ఆమె గడప మీదికి వచ్చి నిలబడింది.

"ఎందుకు పెట్టావు?"

"మసకగా ఉందని."

"ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది."

"సిగ్గేసింది," అంది నా మాటనే. తర్వాత ఆమె గొంతు లేచింది. ఆఫ్రా అరవడం నేను మొదటిసారి విన్నది అప్పుడే. "రాత్రంతా చేతులు వేణ్ణీళ్ళలో పెట్టుకుని కూర్చున్నాను తెలుసా! వేడి తెలుస్తోందా లేదా అని! తెలుస్తోందని నాకే అనిపిస్తే, నన్ను నేను మోసం చేసుకుంటున్నానని అనుకున్నాను! నీకు సిగ్గేసింది! పిచ్చిదాన్నైపోతున్నానని అనుకున్నాను, వెండెలిన్, అత్తలాగే!"

పక్కింటి కిటికీ తెరుచుకుంది. తెరుచుకోనీ. నేను తల వంచుకుని నిలబడ్డాను. అరిచి అరిచి ఆమె అలసిపోయింది. చేతులు ముందుకు చాపి వేలి చివర్లను చూసుకుంది. ఒక్కో వేలినీ రెండో చేత్తో పట్టుకుని, బజారులో తప్పిపోయి దొరికిన పిల్లలను లెక్కపెట్టినట్టు తడిమింది. అప్పుడు ఏడ్చింది. అది మాత్రం కోపపు ఏడుపు కాదు.

"లోపలికి రా," అంది. "బూట్లు విప్పు."

గిన్నెను కడ్డీ నుంచి తియ్యలేదు. తియ్యాలంటే దాని కుడి పక్కనున్నవన్నీ తియ్యాలి, ఒక్కటి పగిలినా ఇంతే సంగతులు. ఆఫ్రా తొక్కింది. గిన్నెలన్నీ తిరుగుతుంటే నేను తడి గరుకు కాగితాన్ని ఆ ఒక్క అంచుకు ఆనించాను, నా సాన దగ్గర పని చేసినట్టే. మెల్లగా అన్నప్పుడల్లా ఆమె మెల్లగా తొక్కింది. తళతళ పోయింది. మసక వచ్చింది. ఆమె వేలు తడుపుకుని ఆనించింది.

పలికింది.

ఇద్దరం ఊపిరి వదిలాం. కానీ నాకు వినబడింది, ఆమెకూ వినబడింది. రెండుసార్లు అరిగిన అంచు స్వరాన్ని పైకి లేపేసింది. కొంచెమే, కానీ తెలుస్తుంది.

"అడుగు పల్చన చేస్తే దిగుతుంది," అన్నాను. "కానీ ఆఫ్రా, అది పగలొచ్చు. అంత పల్చన ఉంది. పగిలితే ఇంకోటి లేదు."

"ముట్టుకోకు," అంది. వేలు ఆనించి కొంచెం ఒత్తింది. స్వరం కిందికి దిగింది. ఇంకా ఒత్తితే కీచుమంది. వదిలి మళ్ళీ పట్టుకుంది, ఈసారి సరిగ్గా అక్కడ. "ఇంత ఒత్తితే చాలు. నా వేలికి తెలుస్తోంది."

ఆ సాయంత్రం దాకా ఆ ఒక్క గిన్నె మీదే వాయించింది. నేను తిట్లు తింటూ టీ పెట్టి ఇచ్చాను.

ఆదివారం పూజ అయ్యాక ఎవరూ ఇళ్ళకు వెళ్ళలేదు. ఫాదర్ పెట్టెను వేదిక మెట్ల దగ్గర పెట్టించాడు. ఆఫ్రా నీలం రుమాలుతో వచ్చి కూర్చుంది, వేళ్ళు తడుపుకుంది, ఎవరి వైపూ చూడలేదు.

"ఇది ఒటీలియా తన పాప కోసం కట్టిన పాట. పాప పేరు లియోనీ," అంది. ఇంకేం చెప్పలేదు.

పాట చాలా చిన్నది. నిద్రపుచ్చే పాట పొడుగ్గా ఎందుకుంటుంది, పిల్ల నిద్రపోతే అయిపోతుంది. ఫిస్ వచ్చిన ప్రతిసారీ నేను బల్ల అంచును గట్టిగా పట్టుకున్నాను. మొదటిసారి స్వరం వెంట్రుకంత పైన మొదలై, ఆమె వేలి కింద మెత్తగా దిగి కూర్చుంది. రెండోసారీ అంతే. అది తప్పులా వినబడలేదు. తల్లి పాడుతూ పాడుతూ బిడ్డ మీదకు వంగినట్టుంది. పైకప్పు నుంచి వస్తోందో, నేల నుంచి వస్తోందో తెలియక మావాళ్ళు తలలు తిప్పుకున్నారు, తర్వాత తిప్పుకోవడం మానేశారు. నా పక్కన కోర్బినియన్ ముక్కు తుడుచుకుని, "నస్యం ఎక్కువైంది," అన్నాడు. వాడు చర్చిలో నస్యం పీల్చడు. రొట్టెల కొట్లో అన్నన్ని మాటలన్న హెడ్విగ్ ముసలమ్మ గట్టిగా వెక్కిళ్ళు పెట్టింది. ఆవిడ చిన్నప్పుడు లియోనీతో ఆడుకుందని నాకు ఆ తర్వాత తెలిసింది.

అయ్యాక అనుకున్నట్టే అందరూ పెట్టె చుట్టూ మూగారు. కోర్బినియన్ వేలితో కొత్త గిన్నె అంచు తడిమాడు.

"ఏరా, అంచు మసకగానే వదిలేశావే? చెయ్యి ముసలిదైపోయిందా, కళ్ళు పోయాయా?"

నలుగురూ నవ్వారు. ఆఫ్రా నా వైపు చూసింది.

"మెరుగు పెట్టి పాడుచేశాను," అన్నాను. "మళ్ళీ మసక చేశాను. అడిగితే అబద్ధం కూడా చెప్పాను. నీకు ఇంకేమన్నా కావాలా?"

కోర్బినియన్ ఇంకో వంక పెట్టకుండా వేలు తీసేశాడు. అది వాడి జీవితంలో అరుదైన సంగతి.

సోమవారం రెండో మందు ఎక్కించారు. మూడోది, నాలుగోది. వారానికోసారి వాల్లి సూప్ పట్టుకెళ్ళేది, నేను కట్టెలు కొట్టి పెట్టేవాణ్ణి. పెట్టె సంగతి ఎవరం ఎత్తలేదు. దాని మూత మీద మందుల డబ్బాలు ఉండేవి.

జనవరిలో ఒక మధ్యాహ్నం కట్టెలు పొయ్యి పక్కన దింపుతుంటే ఆఫ్రా మందుల డబ్బాలు తీసి కింద పెట్టింది. మూత తెరిచింది.

"కూర్చో," అంది. "విను."

నీళ్ళలో వేళ్ళు ముంచి తొక్కడం మొదలుపెట్టింది. లియోనీ పాటే. పెద్ద గిన్నెలు ఏదో గుర్రుమన్నాయి. పైకి పోయేకొద్దీ ఒకటి కీచుమంది, ఒకటి పలకనే లేదు, ఒకటి మరీ గట్టిగా అరిచింది. ఎక్కడ ఒత్తుతోందో, ఎక్కడ ఆనించలేదో ఆమెకు తెలియడం లేదు. వేళ్ళ వైపు చూస్తూ వాయిస్తోంది. చూసి వాయించేది కాదది. నాలుగు అడుగులు వెళ్ళి ఆగిపోయింది.

"చెప్పు," అంది నా వైపు తిరగకుండానే. "ఇది గాజా, వేళ్ళా?"

గదిలో చలిగా ఉంది. చలికి గాజు బిగుసుకుంటుంది, పొయ్యి రాజేశాక మళ్ళీ చూద్దాం అనొచ్చు. సగం నిజం కూడా. ఆమె నమ్మేది కూడా. నేను లేచి వెళ్ళి గిన్నెల అంచులన్నీ గోటితో ఒక్కొక్కటిగా తడిమి చూశాను. చూడాల్సిన పని లేదు, అయినా ముప్పై ఏడూ చూశాను. మసకగా, శుభ్రంగా ఉన్నాయి. ఒక్కదానికీ ఏమీ కాలేదు.

"వేళ్ళే, ఆఫ్రా," అన్నాను.

తల ఊపింది. ఆ మాట నా నోటి నుంచే వినడానికి నన్ను కూర్చోబెట్టిందని అప్పుడు అర్థమైంది. కళ్ళు తుడుచుకోబోయి, చేతులు తడిగా ఉన్నాయని మానేసింది. నేను రుమాలు తీసి నా చేత్తోనే తుడిచాను. అరవై ఏళ్ళ పరిచయంలో ఆమె మొహం తాకడం అదే మొదటిసారి.

కాసేపటికి బెంచీ మీద పక్కకు జరిగింది.

"నీ వేళ్ళకి అంచు తెలుసు," అంది. "నా చెవులకి పాట తెలుసు. కూర్చో."

"నాకా? నా వేళ్ళు చూశావా, మొద్దు దుంగల్లా ఉంటాయి."

"కూర్చోమన్నానా."

కూర్చున్నాను. పలక మీద ఆమె తన పాదం పెట్టింది, గిన్నెలు తిరగడం మొదలుపెట్టాయి. నేను వేలు ముంచి ఫిస్ మీద ఆనించాను. అది పందిపిల్లలా అరిచింది.

"ఒత్తకు," అంది.

ఒత్తడం మానేశాను. గిన్నె పలికింది.